ఇంటికో పేరు, మిగతావన్నీ అంకెలే: జనాభా లెక్కల్లో లింకన్ల రైతు కుటుంబం

అమెరికాలో 1850కి ముందు జరిగిన జనాభా లెక్కల్లో ఒక రైతు కుటుంబానికి దక్కింది ఒక్క వరుస మాత్రమే. ఎడమ అంచున ఇంటి పెద్ద పేరు ఉంటుంది, ఆ పక్కన గడుల్లో అంకెలు ఉంటాయి: పదేళ్లలోపు మగపిల్లలు ఒకరు, ఇరవయ్యారు దాటి నలభై ఐదులోపు మగవారు ఒకరు, అదే వయసు ఆడవారు ఒకరు, ఇలాగ. భార్య పేరు లేదు, పిల్లల పేర్లు లేవు, ఎవరు ఎవరికి ఏమవుతారో లేదు. వంశ చరిత్ర వెతికేవారు ఈ అంకెల్లోంచి మనుషుల్ని రాబట్టుకోవాలి. అది ఎంతవరకు సాధ్యమో, ఎక్కడ బోల్తా పడతామో తెలుసుకోవాలంటే జవాబు ముందే తెలిసిన లెక్కను మళ్లీ చేసి చూడటం మంచి పద్ధతి. అబ్రహం లింకన్ తండ్రి థామస్ లింకన్ కుటుంబం అటువంటి లెక్క. కొడుకు దేశాధ్యక్షుడు కాకపోయి ఉంటే, కెంటకీ నుంచి ఇండియానాకు, అక్కడి నుంచి ఇల్లినాయ్‌కు పొలం వెతుక్కుంటూ పోయిన వేలాది రైతుల్లో థామస్ ఒకడుగా మిగిలిపోయేవాడు. కొడుకు వల్ల ఆ ఇంట్లో ఎవరు ఎప్పుడు పుట్టారో, ఎవరు ఎప్పుడు పోయారో ఇతర ఆధారాల ద్వారా తేలింది. ఆ తెలిసిన వయసులను ఆయా సంవత్సరాల గడుల్లో పెట్టి చూస్తే, ఏమీ తెలియని కుటుంబం విషయంలో అవే గడులు ఏం చెబుతాయో, ఏం దాస్తాయో బయటపడుతుంది.

ఈ లెక్కలు వంశావళి కోసం పుట్టినవి కావు. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలు, ప్రత్యక్ష పన్నుల భారం ఎవరికి ఎంత అన్నది తేల్చడానికి పదేళ్లకోసారి జనాన్ని లెక్కించాలని రాజ్యాంగం నిర్దేశించింది. మొదటి లెక్కకు 1790 ఆగస్టు 2ను ప్రాతిపదిక తేదీగా పెట్టుకున్నారు. ఫెడరల్ మార్షళ్ల (కేంద్ర కోర్టుల అధికారుల) సహాయకులు గుర్రాల మీద ఊరూరా తిరిగి ఈ పని చేశారు. పల్లెల్లో 150 మందిని లెక్కిస్తే వారికి ఒక డాలరు ముట్టేది, కాగితం కూడా వారే తెచ్చుకోవాలి. అచ్చు ఫారాలు లేవు కాబట్టి ఒక్కొక్కరు తమకు తోచిన తీరులో గీతలు గీసుకున్నారు. పూర్తయిన జాబితా ప్రతులను జనం చూసి తప్పులు చెప్పడానికి వీలుగా రెండు బహిరంగ స్థలాల్లో అంటించాలన్న నిబంధన కూడా ఉండేది. అలా తేలిన మొత్తం 39,29,214 మంది, వారిలో దాదాపు ఏడు లక్షల మంది బానిసలు. తెల్లజాతి మగవారిని పదహారేళ్ల లోపు, పైన అని రెండుగా విడదీశారు. ఆడవారికి ఆ మాత్రం విభజన కూడా లేదు, పసిపాప నుంచి పండు ముసలమ్మ వరకు అందరికీ ఒకటే గడి. పదహారు దాటిన మగవారి సంఖ్య పనికీ సైన్యానికీ అక్కరకొస్తుందన్నది పాలకుల ఆలోచన. ఏ గడి ఎందుకు పెట్టారో తెలిస్తే ఆ గడిని ఎంత నమ్మవచ్చో కూడా తెలుస్తుంది.

లింకన్ల విషయంలో వెతుకులాట మొదట్లోనే చిక్కుల్లో పడుతుంది. థామస్ తండ్రి పేరు కూడా అబ్రహం లింకనే. వర్జీనియాలోని రాకింగ్‌హామ్ కౌంటీ (మన జిల్లా లాంటి విభాగం) నుంచి 1782 ప్రాంతంలో కుటుంబంతో కెంటకీకి వలస వచ్చిన ఆయన 1786లో తన పొలంలోనే ఆదివాసుల దాడిలో చనిపోయాడు. అప్పటికి థామస్ చిన్నపిల్లవాడు. ఆనాటి చట్టం ప్రకారం ఆస్తి పెద్దకొడుకు మొర్డెకైకి దక్కింది, థామస్ కూలి పనులు చేసుకుంటూ పెరిగాడు. ఈ దశలో ఆ కుటుంబం ఎక్కడుందో జనాభా లెక్కల్లో చూద్దామంటే, కెంటకీకి సంబంధించి 1790, 1800 సంవత్సరాల పత్రాలు రెండూ మిగలలేదు. వర్జీనియా 1790 పత్రాలూ లేవు. అంటే ఈ వంశాన్ని వెతికేవారికి మొదటి ఇరవై ఏళ్లూ ఖాళీ.

ఆ ఖాళీని పూరించేవి పన్ను జాబితాలు. మన గ్రామాల్లో కరణం రాసిన అడంగల్ ఎలాంటిదో కెంటకీ కౌంటీల్లో ఏటేటా తయారైన పన్ను జాబితా కొంచెం అలాంటిదే: రైతు పేరు, ఎన్ని ఎకరాలు, ఆ భూమి ఏ వాగు పక్కన ఉంది, ఇంట్లో ఇరవై ఒక్క ఏళ్లు దాటిన మగవారు ఎంతమంది, గుర్రాలెన్ని, బానిసలెందరు. జనాభా లెక్క పదేళ్లకోసారి తీసిన ఫోటో అయితే, ఇవి ఏటా తీసినవి. ఒక యువకుడి పేరు ఈ జాబితాలో మొదటిసారి కనిపించిన ఏడాది, అతనికి ఇరవై ఒక్క ఏళ్లు అప్పటికే నిండాయనడానికి మంచి సూచన. పేరు మాయమైన ఏడాది చావుకో వలసకో గుర్తు. 1814 నాటి జాబితాలో తన ప్రాంతపు 98 మంది ఆస్తిపరుల్లో థామస్ లింకన్ పదిహేనో స్థానంలో ఉన్నాడు. తండ్రి చదువూ సంధ్యా లేనివాడని, సంతకం మాత్రం కష్టపడి గీసేవాడని కొడుకు రాసిన మాటను పట్టుకుని థామస్‌ను కటిక దరిద్రుడిగా చిత్రించే అలవాటు చాలాకాలం సాగింది. పన్ను జాబితా చూపే మనిషి అంత నిరుపేద కాదు, ఓ మోస్తరు రైతు. కుటుంబాల్లో చెప్పుకునే కథల కన్నా పన్ను వసూలుదారుడి మాట చాలాసార్లు నిజానికి దగ్గరగా ఉంటుంది, ఎందుకంటే లేని గుర్రానికి పన్ను కట్టడానికి ఏ రైతూ ఒప్పుకోడు.

పేరు రాసే తీరు మరో తలనొప్పి. 1780లో థామస్ తండ్రికి ఇచ్చిన వారంటులో, అంటే భూమి పొందే హక్కు పత్రంలో, ఆయన పేరు ‘అబ్రహం లింక్‌హార్న్’ అని ఉంది. చదువు రాని ఇంటి పెద్ద నోటితో చెప్పిన పేరును గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాసుకోవడం ఆ కాలంలో సర్వసాధారణం. అందువల్ల ఇంటిపేరు అక్షరాలు ఒక్కటైతేనే ఒకే కుటుంబమని పట్టుబట్టే పరిశోధకుడు తన పూర్వీకుల్ని తనే తప్పించుకుంటాడు. ఇప్పటి కంప్యూటర్ సూచికలతో ఈ ప్రమాదం ఇంకా పెరిగింది, ఎందుకంటే అవి పాత గుమాస్తా రాతను మరొకరు చదివి ఎక్కించినవి. ఒక తప్పు మీద ఇంకో తప్పు పేరుకుంటుంది.

ఇక గడుల సంగతికి వద్దాం. 1810 లెక్కకు ప్రాతిపదిక తేదీ ఆగస్టు 6. అప్పటి ఫారంలో తెల్లజాతి ఆడవారికీ మగవారికీ వేరువేరుగా ఐదేసి గడులు: పదేళ్లలోపు, 10 నుంచి 16 లోపు, 16 నుంచి 26 లోపు, 26 నుంచి 45 లోపు, 45 ఆపైన. ఆ నాటికి కెంటకీలో ఉన్న థామస్ ఇంట్లో నలుగురు: జనవరి 1778లో పుట్టినట్టు చెప్పే థామస్‌కు 32, ఫిబ్రవరి 1784లో పుట్టినట్టు చెప్పే భార్య నాన్సీ హాంక్స్‌కు 26, కూతురు సారాకు 3, కొడుకు అబ్రహంకు ఏడాదిన్నర. గడుల్లో పెడితే పదేళ్లలోపు మగ ఒకటి, 26-45 మగ ఒకటి, పదేళ్లలోపు ఆడ ఒకటి, 26-45 ఆడ ఒకటి. చూడ్డానికి ఎంతో తేటగా ఉన్న ఈ వరుసలో కూడా ఒక గుంట ఉంది. నాన్సీ వయసు సరిగ్గా గడి అంచు మీద నిలబడింది. లెక్క రాసేవాడికి ఇంటి యజమాని ‘పాతికేళ్లు’ అని చెప్పి ఉంటే ఆమె ముందు గడిలోకి, అంటే 16 నుంచి 26 లోపు వారిలోకి జారిపోతుంది. అప్పుడు కాగితం చూసినవారికి పదహారేళ్ల పిల్ల కూడా కావచ్చనిపిస్తుంది. ఒక్క ఏడాది పొరపాటు పరిశోధకుణ్ణి పదేళ్లు పక్కకు లాగేస్తుంది. పుట్టిన తేదీలు పంచాంగంలో రాసుకునే అలవాటు లేని పల్లెల్లో వయసులు ఎప్పుడూ ఉజ్జాయింపులే కాబట్టి, గడి హద్దుకు అటూ ఇటూ ఉన్న ప్రతి అంకెనూ రెండు గడుల్లోనూ ఉన్నట్టే భావించి చూడటం మంచిది.

థామస్ 1776లోనే పుట్టాడని వాదించేవారు కూడా ఉన్నారు. జనాభా లెక్కలు ఈ తగవు తీర్చగలవా? 1778 అనుకుంటే ఆయన వయసు 1810లో 32, 1820లో 42, 1830లో 52, 1840లో 62. 1776 అనుకుంటే వరుసగా 34, 44, 54, 64. నాలుగు లెక్కల్లోనూ రెండు వయసులూ ఒకే గడిలో పడతాయి. నాలుగు సాక్ష్యాలు ఉన్నా నాలుగూ ఒకే మాట చెప్పినప్పుడు కొత్తగా తేలేది ఏమీ ఉండదు. ఇటువంటి చోట ఎన్ని కాగితాలు పోగుచేశామన్న దానికి విలువ లేదు.

అసలు చిక్కు 1820లో వస్తుంది. ఈ పదేళ్లలో ఆ ఇంట్లో జరిగినవి ఇవి: 1811లో కుటుంబం నాబ్ క్రీక్ పొలానికి మారింది. అక్కడ మరో కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. 1816 డిసెంబరులో ఒహాయో నది దాటి ఇండియానా చేరారు. 1818 అక్టోబరు 5న నాన్సీ ‘పాలజబ్బు’తో చనిపోయింది. అడవిలో పెరిగే వైట్ స్నేక్‌రూట్ అనే విషపు మొక్కను మేసిన ఆవుల పాల ద్వారా వచ్చే రోగం అది. ఆ వ్యాధే ఆమె పెంపకపు బంధువులైన స్పారో దంపతులను కూడా తీసుకుపోయింది, వారి వద్ద పెరుగుతున్న డెన్నిస్ హాంక్స్ అనే యువకుడు లింకన్ల ఇంట్లో చేరాడు. 1819 డిసెంబరు 2న థామస్ కెంటకీ తిరిగి వెళ్లి సారా బుష్ జాన్‌స్టన్ అనే వితంతువును పెళ్లాడి, ఆమెనూ ఆమె ముగ్గురు పిల్లలనూ ఇండియానా తీసుకొచ్చాడు.

ఇదంతా 1820 ఆగస్టు 7 నాటి గడుల్లో ఎలా పడాలో చూద్దాం. థామస్‌కు 42, పాత గడే, 26-45. కొత్త భార్య సారాకు 31, ఆమె కూడా 26-45. పదేళ్ల కిందట నాన్సీ అంకె పడిన గడిలోనే ఇప్పుడు ఇంకొక స్త్రీ అంకె పడింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్న పరిశోధకుడు అదే గడిలో అదే ‘1’ చూసి, అదే ఇల్లాలు పదేళ్లు పెద్దదైందని అనుకోకుండా ఉండటం చాలా కష్టం. ఒక తల్లి చావు, ఒక తండ్రి రెండో పెళ్లి ఆ ఒక్క అంకె కింద కప్పబడిపోయాయి. అమెరికా సరిహద్దు పల్లెల్లో భార్య చనిపోతే ఏడాది రెండేళ్లలో మళ్లీ పెళ్లి చేసుకోవడం మామూలే కనుక ఇది లింకన్ల ఒక్కరి కథ కాదు. 1850కి ముందు లెక్కల మీద కట్టిన వంశవృక్షాల్లో ఇద్దరు తల్లుల పిల్లలు ఒకే తల్లి కింద చేరిపోవడానికి ఒక కారణం ఇదే.

అయితే భార్య గడి దాచిన రహస్యాన్ని పిల్లల గడులు బయటపెడతాయి. 1820లో సారా లింకన్‌కు 13, అబ్రహంకు 11. జాన్‌స్టన్ పిల్లల్లో ఎలిజబెత్‌కు 13, మటిల్డాకు 11, జాన్‌కు పదేళ్ల అంచు. అంటే 10-16 గడిలో ఆడపిల్లలు ముగ్గురు, మగపిల్లలు ఇద్దరు, లేదా జాన్ కింది గడిలోకి జారితే ఒకరు. 1810లో ఈ ఇంట్లో పదేళ్లలోపు పిల్లలు ఇద్దరే కదా, ఒక ఆడ, ఒక మగ. ఇప్పుడు పదేళ్లు దాటినవారందరూ అప్పటికే పుట్టి ఉండాలి. పుట్టినవారైతే ఆనాటి వరుసలో ఎందుకు లేరు? రెండు లెక్కల మధ్య సరిగ్గా పదేళ్ల ఒక రోజు ఎడం ఉండటం వల్ల ఈ ప్రశ్న తప్పించుకోలేనిది. 1810 తర్వాత పుట్టిన పిల్లలు 1820లో పదేళ్లలోపు గడిలోనే ఉండాలి. పై గడుల్లోకి కొత్తగా వచ్చిన ప్రతి అంకె బయటి నుంచి ఆ ఇంటికి చేరిన మనిషే. పిల్లల తల్లి మారి ఉండవచ్చు, అనాథలైన బంధువుల పిల్లలు కావచ్చు, పనికి కుదిర్చినవారు కావచ్చు, అది ఆ కాగితం చెప్పదు. కానీ ఈ ఇంట్లో రక్తసంబంధం దాటి ఏదో జరిగిందని మాత్రం ఖాయంగా చెబుతుంది.

16-26 గడిలోని యువకుడు, అంటే 21 ఏళ్ల డెన్నిస్, ఇంకో హెచ్చరిక. పైపైన చూస్తే పెద్దకొడుకనిపిస్తాడు. థామస్‌కు 1806లో పెళ్లయిందని తెలిస్తే, పద్నాలుగేళ్ల కాపురంలో ఇరవై ఒక్క ఏళ్ల కొడుకు ఎక్కడి నుంచి వస్తాడన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. 1821 జూన్‌లో ఈ డెన్నిస్ అదే ఇంట్లోని ఎలిజబెత్ జాన్‌స్టన్‌ను పెళ్లాడాడు. ఇద్దర్నీ థామస్ పిల్లలుగా రాసుకున్న పరిశోధకుడి చేతిలో అన్నాచెల్లెళ్లకు పెళ్లయినట్టు తేలుతుంది. ఆ ఏటి లెక్కింపు గడువును 1821 సెప్టెంబరు 1 దాకా పొడిగించారు. ఆలస్యంగా వచ్చిన లెక్కలవాడు కూడా 1820 ఆగస్టు నాటి స్థితినే రాయాలి, కానీ గుమ్మంలో నిలబడి ‘ఏడాది కిందట ఈ ఇంట్లో ఎవరెవరున్నారు’ అని అడిగితే ఎవరైనా ఎంత కచ్చితంగా చెప్పగలరు?

పెళ్లి సంగతి జనాభా లెక్కలో లేదు గనుక దాన్ని కౌంటీ కచేరీలో వెతకాలి. థామస్, నాన్సీల వివాహానికి 1806 జూన్ 10న బాండు (పెళ్లికి చట్టపరమైన అడ్డంకి లేదన్న హామీ పత్రం) రాశారు, 12న జెస్సీ హెడ్ అనే మత బోధకుడు పెళ్లి జరిపించాడు. కొత్త దంపతులు కాపురం పెట్టింది హార్డిన్ కౌంటీలో. పెళ్లి మాత్రం పెళ్లికూతురి బంధువులున్న వాషింగ్టన్ కౌంటీలో జరిగింది, పత్రాలూ అక్కడే ఉండిపోయాయి. అధ్యక్షుడు బతికున్నంతకాలం అవి వెలుగులోకి రాలేదు, ఆ లోటును పట్టుకుని ఆయన పుట్టుక మీదే నీలాపనిందలు పుట్టాయి. మన దగ్గర లాగే అక్కడా పెళ్లి సాధారణంగా ఆడపిల్లవారి ఊళ్లో జరిగేదన్న చిన్న సంగతి తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలిసేది.

కౌంటీ హద్దులు కూడా కదలకుండా ఉండవు. లింకన్ పుట్టిన సింకింగ్ స్ప్రింగ్ పొలం 1809లో హార్డిన్ కౌంటీలో ఉంది, 1843లో ఆ భాగాన్ని విడదీసి లారూ కౌంటీ చేశారు. ఇండియానాలో థామస్ దిగినప్పుడు ఆ అడవి పెర్రీ కౌంటీ కింద ఉంది, 1818లో అది స్పెన్సర్ కౌంటీ అయింది. కుటుంబం ఒక్క అడుగు కదలకపోయినా చిరునామా మారిపోయింది. ఈనాటి పటం ముందు పెట్టుకుని ఆనాటి రికార్డు వెతికేవారు ఖాళీ చేతులతో వెనక్కి వస్తారు. మన జిల్లాల పునర్విభజన చూసినవారికి ఇది విడమరచి చెప్పనవసరం లేదు.

కుటుంబం ఎందుకు కదిలిందన్న ప్రశ్నకు దస్తావేజులు జవాబిస్తాయి. కెంటకీలో భూమి కొలత చెట్టు నుంచి రాయికి, రాయి నుంచి వాగు మలుపుకు సాగే పాత పద్ధతిలో ఉండేది. ఒకే నేల మీద ఇద్దరు ముగ్గురికి హక్కు పత్రాలు పుట్టేవి. థామస్ 1803లో మిల్ క్రీక్ దగ్గర 238 ఎకరాలు కొన్నాడు, 1814లో అమ్మినప్పుడు అది 200 ఎకరాలుగా తేలింది. సింకింగ్ స్ప్రింగ్ మీద, నాబ్ క్రీక్ మీద కూడా హక్కు తగాదాలు వచ్చాయి. కెంటకీ వదలడానికి బానిసత్వం కొంత కారణమైనా, ముఖ్యకారణం భూమి హక్కుల గొడవేనని కొడుకు 1860లో స్వయంగా రాశాడు. ఇండియానాలో కేంద్ర ప్రభుత్వం నేలను ముందే చదరాలుగా కొలిచి, సెక్షన్ నంబరు వేసి, ల్యాండ్ ఆఫీసులో అమ్మింది. అక్కడ హక్కుకు తిరుగులేదు. 1817 అక్టోబరులో థామస్ విన్సెన్స్ కార్యాలయానికి వెళ్లి 160 ఎకరాలకు ఎకరా రెండు డాలర్ల చొప్పున వాయిదాల మీద దరఖాస్తు పెట్టుకున్నాడు. మొత్తం సొమ్ము కట్టలేక సగం వదులుకుని, చివరికి 1827లో 80 ఎకరాలకు పట్టా పొందాడు. జనాభా లెక్కలో ఒక పేరు ఒక కౌంటీ నుంచి మాయమై మరో కౌంటీలో తేలడమే కనిపిస్తుంది. ఆ ప్రయాణానికి కారణమైన 38 ఎకరాలు దస్తావేజులో తప్ప ఎక్కడా కనిపించవు.

1830 లెక్క జూన్ 1 నాటిది. అచ్చు వేసిన ఒకే తీరు ఫారాలు వాడిన మొదటి లెక్క అది. వయసు గడులు కూడా బాగా ఇరుకై, పిల్లలకు ఐదేసి ఏళ్లు, పెద్దలకు పదేసి ఏళ్లుగా మారాయి. పరిశోధకుడికి ఇది పెద్ద వరం. అయితే థామస్ కుటుంబం సరిగ్గా ఆ ఏడాది మార్చిలో ఇండియానా వదిలి ఇల్లినాయ్‌లోని మేకన్ కౌంటీకి తరలింది. మూడు నెలల తేడాతో స్పెన్సర్ కౌంటీ జాబితాలోంచి ఆయన పేరు జారిపోయింది. బండ్లు కట్టుకుని వెళ్లినవారు పదముగ్గురు: థామస్, సారా, అబ్రహం, జాన్ జాన్‌స్టన్, డెన్నిస్ హాంక్స్ భార్యాపిల్లలతో, మటిల్డాను పెళ్లాడిన స్క్వైర్ హాల్ భార్యా బిడ్డతో. ఇది మూడు ఇళ్ల వలస. ఇంటిపేర్లు లింకన్, హాంక్స్, హాల్, జాన్‌స్టన్. లింకన్ అన్న ఒక్క పేరు మీదే కన్నేసినవారికి ఈ బంధం కనపడదు, ఎందుకంటే ఇళ్లను కలిపింది ఆడపిల్లలు. జాబితాలో ముందూ వెనకా ఉన్న పేర్లు, దస్తావేజుల్లో సాక్షి సంతకాలు, పెళ్లి బాండుకు హామీ నిలిచినవారు, వీరందర్నీ కలిపి రెండు ఊళ్లలోనూ వెతకాలి. ఒక లింకన్‌ను మరో లింకన్‌గా పొరబడటం తేలిక, కానీ అవే నాలుగు ఇంటిపేర్లు రెండుచోట్లా ఒకేచోట కనిపిస్తే పొరబడే అవకాశం దాదాపు ఉండదు. కొందరు లెక్కలవారు శుద్ధ ప్రతి రాసేటప్పుడు పేర్లను అక్షరక్రమంలో పేర్చి ఈ ఇరుగుపొరుగు సాక్ష్యాన్ని చెరిపేశారు. చక్కగా అమర్చిన జాబితా చూసి పరిశోధకుడు నిట్టూర్చేది ఇందుకే.

1820లో ఉన్న ముగ్గురు ఆడపిల్లల అంకెలు 1830 నాటికి ఆ వరుసలో ఉండకూడదు. ఎలిజబెత్, మటిల్డా పెళ్లిళ్లు చేసుకుని వెళ్లారు, అబ్రహం అక్క సారా 1826లో పెళ్లాడి 1828 జనవరిలో ప్రసవంలో చనిపోయింది. కాపురానికి వెళ్లిన పిల్లకూ కాటికి వెళ్లిన పిల్లకూ ఈ కాగితం మీద ఒకటే గుర్తు, ఖాళీ గడి.

1850లో అంతా మారింది. స్వేచ్ఛగా ఉన్న ప్రతి మనిషి పేరు, వయసు, వృత్తి, పుట్టిన రాష్ట్రం, భూమి విలువ వేరువేరు వరుసల్లోకి వచ్చాయి. ఏటా వంద డాలర్లు, అంతకు మించి పండించే పొలాలకు వేరే వ్యవసాయ పత్రం ఉండేది, అందులో సాగు నేల, బీడు, పనిముట్ల విలువ, పాడి ఆవులు, పందులు, మొక్కజొన్న, గోధుమ అన్నీ రాసేవారు. రైతు కుటుంబాన్ని వెతికేవారు జనాభా పట్టీతో ఆగిపోయి ఈ పత్రాన్ని తెరవకపోవడం చాలా తరచుగా జరిగే పొరపాటు, తెరిస్తే ఆ ఇంటి దొడ్డీ గాదే కళ్లముందుంటాయి. పేర్లు వచ్చినంత మాత్రాన అనుమానాలు తీరలేదు. ఇంటి పెద్దతో సంబంధం అన్న గడి 1880 వరకు రాలేదు, కాబట్టి ఒకే ఇంటిపేరున్న పిల్లలు కొడుకులో మేనల్లుళ్లో ఊహించుకోవలసిందే. వయసుల మాట చెప్పనే అక్కర్లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లాయరైన అబ్రహం లింకన్ భార్య మేరీకి 1850లో 28 ఏళ్లని, 1860లో 35 ఏళ్లని రాశారు. పదేళ్లలో ఆమెకు ఏడేళ్లే గడిచాయి, నిజానికి 1860లో ఆమెకు 41. అదే పట్టీలో ఆస్తి వివరం మాత్రం గుండ్రటి అంకెల్లో ఉంది, స్థిరాస్తి 5,000 డాలర్లు, చరాస్తి 12,000. చదువుకున్న ఇంట్లోనే ఇలా ఉంటే, మారుమూల పొలంలో ఎవరో పొరుగువారు చెప్పిన వయసు మీద పుట్టిన సంవత్సరం కట్టడం ఎంత సాహసమో ఊహించవచ్చు.

ఈ పద్ధతంతా తెల్లజాతి రైతులకే పనికొస్తుందన్నది మరవకూడదు. అదే కెంటకీ నేలను దున్నిన బానిస కుటుంబాలకు 1850, 1860లలో వేరే పట్టీ పెట్టి, యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, రంగు మాత్రం రాశారు. వారిలో అత్యధికులకు పేరే లేదు. వారి పేర్లు జనాభా లెక్కల్లోకి వచ్చింది 1870లో. అంతకు వెనక్కి వెళ్లాలంటే యజమాని వీలునామా, ఆస్తి పంపకాల జాబితా, అప్పుల తాకట్టు పత్రాలు వెతకాలి. అంటే తమ పూర్వీకుల జాడ కోసం వారి సంతానం వారిని అమ్మినవారి వంశ చరిత్రను ముందు తవ్వుకోవాలి.

1790 నుంచి 1950 దాకా మిగిలి ఉన్న పత్రాలు ఇప్పుడు అందరికీ అందుబాటులో ఉన్నాయి. 72 ఏళ్లు గడిచాక వ్యక్తిగత వివరాలు బయటపెట్టే నియమం ప్రకారం 1950 పత్రాలు 2022 ఏప్రిల్ 1న విడుదలయ్యాయి. 1890 పత్రాలు మాత్రం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం తర్వాత దాదాపుగా లేకుండాపోయాయి. మన దేశంలో 1948 జనగణన చట్టంలోని 15వ సెక్షన్ ఇంటింటి పత్రాలను ఎవరూ చూడటానికి వీల్లేదంటుంది, అందుచేత తెలుగు రైతు కుటుంబం చరిత్రకు ఈ దారి మూసుకుపోయింది. భూమి రికార్డులు, పన్ను లెక్కలు, దస్తావేజులే మనకు దిక్కు. ఆ మాటకొస్తే థామస్ లింకన్ కథలో ఎక్కువ భాగం చెప్పినవీ అవే.

1850 లెక్కలో మరణాల పట్టీ అని ఇంకొకటి చేర్చారు. 1850 జూన్ 1తో ముగిసిన ఏడాదిలో పోయినవారి పేరు, వయసు, మరణకారణం అందులో రాస్తారు. థామస్ 1851 జనవరి 17న ఇల్లినాయ్‌లోని కోల్స్ కౌంటీలో చనిపోయాడు, ఏడున్నర నెలల తేడాతో ఆయన మరణం ఆ పట్టీకి అందలేదు. ఆయన మనవడు, అబ్రహం రెండో కొడుకు ఎడ్వర్డ్ మాత్రం అందాడు. 1846 మార్చిలో పుట్టి 1850 ఫిబ్రవరి 1న పోయిన ఆ పిల్లవాడు 1840 లెక్క నాటికి పుట్టలేదు, 1850 జనాభా పట్టీ నాటికి లేడు. మరణాల పట్టీలో దీర్ఘకాలపు క్షయ అన్న కారణంతో ఒక వరుస దక్కించుకున్నాడు. నాబ్ క్రీక్‌లో పుట్టి పసితనంలోనే పోయిన అతని చిన్నాన్న రెండు లెక్కల మధ్య వచ్చి రెండు లెక్కల మధ్యే వెళ్లిపోయాడు. అతను పుట్టిన కాలానికి అటువంటి పట్టీ లేదు.